అప్పగింత

ఐదింటి లోపల ట్యాబు అప్పజెప్పాలన్నరు.
నల్లగొండ ఆఫీసు మెట్ల మీద కూసున్న, ఒళ్లో పెట్టుకొని.
మూల పగిలిన కాడ నేనేసిన పట్టీ
మూడేండ్ల చెమటకు నల్లబడ్డది.

ఆఫీసు అకౌంటు మొదటి నెలలనే మొరాయించింది.
"నీ సొంతంది పెట్టు సువార్తా, మల్ల చూద్దాం" అన్నడు సారు.
ఆ మల్ల ఇయ్యాల వచ్చింది.

అట్ల నా పేరు మీదనే మబ్బులకెక్కినయి
నూట పద్నాలుగు బోర్ల నీళ్లు.
క్లౌడంటే మబ్బేనని చెప్తే
ఎర్రకుంటపల్లి జంగమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది:
"గా మబ్బు మన దిక్కు ఎన్నడు కురుస్తదే?"

సెట్టింగులల్ల నా పేరు నొక్కి
కిందికి, ఇంకా కిందికి జరుపుకుంట పోతే
అన్నిటికన్న అడుగున, ఎర్రగ: సైన్ ఔట్.

కాపీ ఉంచుకుంటవా ఈ ట్యాబుల, అని అడిగింది.
కాంటాక్టులు తెరిచిన. అందరి ఇంటిపేర్లు బోర్లే.
బడెన్క బోరు నర్సిరెడ్డి.
చింత కింది బోరు ఖాజాబీ.
ట్యాంకు సైదులు, ఫోనెత్తడు.
ఒకామె పేరు పక్కన 'లేదు' అని ఎప్పుడో నేనే రాసుకున్న.
ఫోటోలల్ల సీసాలెనుక సీసాలు.
మందు చుక్కలేస్తే ఎర్రగుండాల్సిన నీళ్లు
పసుపుపచ్చగ తిరిగినయి.
పసుపు చూస్తె గుండె జారుడు
నాకు గీ నౌకరిలనే అలవాటైంది.
నడుమ నా బిడ్డ పాలపన్ను ఊడిన ఫోటో ఒకటి,
దాని పక్కనే బడి పిల్లల నోర్లు,
పన్ను పన్నుకు మట్టిరంగు గీత.

ఇగ పాస్‌వర్డు కొట్టమన్నది.
బిడ్డ పేరు కొట్టిన. తప్పు.
పెండ్లి తారీకు. తప్పు.
ఒక్కసారే మిగిలింది.

కండ్లు మూసుకుంటే మొదటి రోజు యాదికొచ్చింది.
జంగమ్మ బోరు, మొదటి సీసా.
అక్షరాలుండాలె, అంకెలు గూడ ఉండాలె అంటే
ఎదురుంగ ఏది కనబడితే అది కొట్టిన:
జంగమ్మ, ఆరు పాయింట్ నాలుగు.

తెరుచుకుంది.

పాస్‌వర్డు ఎవ్వరికీ చెప్పొద్దని
ట్రైనింగుల మూడుసార్లు చెప్పిన్రు.
చెప్పలే.
మూడేండ్లు, జంగమ్మకు గూడ చెప్పలే.

పోయినప్పుడల్ల అడిగేది:
"పేరే సువార్త పెట్టుకున్నవు, ఏం వార్త తెచ్చినవే?"
ఆన్‌లైన్ల వస్తదమ్మా అంటి.
ఆ నీళ్లే స్టీలు గ్లాసుల పోసి నాకిచ్చింది.
ఒక్క గుటక తాగి, దూప లేదన్న.

ఫోను కొట్టిన.
"ఎవలు?"
"నీళ్ల సువార్తను. ఆరు పాయింట్ నాలుగు."
"ఏందే అది, కరెంటు బిల్లా?"
"నీ బోరమ్మా. ఒకటిన్నర దాటొద్దు."
అవతల కోడి అరిచింది, ఎవలో బిందె దించిన్రు.
"గంతేనా," అన్నది,
"గా ముచ్చట నా మోకాళ్లు ఎప్పుడో చెప్పినయి.
కాకపోతే మోకాలు చెప్పింది ఆఫీసోళ్లు వినరు గద.
నువ్వు అంకె వేసి, చీటి మీద రాసి పంపు."

ఐదుకు పది నిమిషాలు.
కాపీ ఉంచాలా? వద్దు.
నిజంగనే పోతవా? పోత.
తెర ఒక్కసారి నల్లబడి, తెల్లబడి
ఏవేవో భాషలల్ల నమస్కారాలు పెట్టుకుంట పోయింది.
తెలుగు వస్తదేమోనని నిలబడ్డ.
వచ్చేలోపలనే అటెండరు గుంజుకున్నడు.

రిజిస్టరు నా ముంగటికి జరిపిండు.
"సైన్ పెట్టు."
ఇప్పుడే గదా ఔటైన, అంటే
ఆయనకు నవ్వు రాలే.
"లోపలున్నదంత పోయిందా?"

"ట్యాబుల పోయింది" అన్న.

అకౌంటు నాదే. మబ్బు నాదే.
గడియారం కాడ బస్సు దొరకకముందు
రూళ్ల నోటుబుక్కు ఒకటి కొన్న,
ఇద్దరు మనుషులు ఇరుకుంగ కూసునే సీట్ల
ముగ్గురం కూసొని
మొదటి పేజీల మోచేయి ఆనిచ్చి రాసిన:
జంగమ్మ.
బస్సు కుదుపుకు ఆరు వంకరపోయింది.
దిద్దిన.