ఇరవై మూరల మీద ఒక జాన

ఎర్ట్స్ కొండల్లో, వెండి గని అడుగున
నాది కొవ్వుగిన్నె ఉద్యోగం.
పదకొండేళ్ళు నాకప్పుడు. ఒళ్ళంతా గొర్రెకొవ్వు కంపు.
ఆదివారం చర్చిలో పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు.

పంపు లోపలి తోలుబిళ్ళకి
గంటకోసారి ఆ కొవ్వు పట్టించాలి,
లేకపోతే తోలు ఈల వేస్తుంది.
ఈల వేసిందంటే గాలి దూరినట్టు,
గాలి దూరిందంటే
కింద మోకాలి లోతు నీళ్ళలో మనుషులు
తలలెత్తి నా పుట్టుకని తిడుతున్నట్టు.

యజమానురాలు అపొల్లోనియా.
తాడు తెగి మొగుడు యోబ్స్ట్ పోయాక
అతని బరమాలు, అతని అప్పులు, ఈ పంపులు ఆవిడవయ్యాయి.
పైన్ దుంగని నిలువునా తొలిచి
ఆ కొస నుంచి ఒక కన్ను పెట్టి నన్ను చూసి
"ముక్కు తుడుచుకో" అనేది.

నీరు పల్లమెరుగు.
దానికి మిట్ట నేర్పడమే మా బతుకు.
ఇరవై మూరలు నేర్చుకుంటుంది,
ఆ మీద ఒక జాన.
ఇంకా పైకంటే, గుర్రాల్ని కట్టు, కొత్త దూడతోలు వెయ్యి,
గని దొర పేరు చెప్పి బెదిరించు,
రాదు.
అందుకే ఇరవై మూరలకొక తొట్టి,
తొట్టి మీద మరో పంపు,
ఆగి ఆగి, చీకట్లోంచి పైకి.
ఎందుకని మేమడగలేదు.
ఎద్దు ఎందుకు ఈనదని ఎవరైనా అడుగుతారా?

ఒక అక్టోబరులో లైప్‌జిగ్ నుంచి
సెబాల్డ్ ఎర్డ్‌మన్ అనే పండితుడు దిగాడు.
నల్లకోటు, తడిస్తే పాడయ్యే బూట్లు.
నిచ్చెనలకే ఒక పూట పట్టింది.
"ప్రకృతి శూన్యాన్ని ఓర్వదు," అన్నాడు రొప్పుతూ,
"తోలు లేచినచోట ఖాళీ పూడ్చడానికి
నీరు పరుగెత్తుకొస్తుంది."
"సరే," అంది అపొల్లోనియా,
"మరి ఇరవై మూరలు దాటాక ఓర్చుకుంటుందేం?"

గొట్టంలో చీలికుందన్నాడు.
ఆవిడ కొయ్యసుత్తి నా చేతికిచ్చింది.
కింద నుంచి గొట్టాన్ని తడుతూ నిచ్చెనెక్కాను.
నీరున్నచోట దుంగ మూగగా పలుకుతుంది,
లేనిచోట డొల్లగా.
మాట మారినచోట ఆగాను.
అక్కడే, పక్కనున్న ఆసరా కొయ్య మీద
చాకుగాట్లు.
ఏడేళ్ళవి.
జానెడు మేర, పిచ్చుక నడిచినట్టు.

"ఇవేమిటి?"
"నీరు ఆగిన చోట్లు.
గాలివానకి ముందు జారుతుంది,
ఎండ కాస్తే ఎక్కుతుంది.
ముసురంటే దానికీ బద్ధకమే."

పండితుడు నవ్వాడు.
నవ్వు సగంలో ఆపేశాడు.
ఎండా వానా ఎరగని ఈ బిలంలో
నీటికి కబురు చెప్పిందెవరు?

"లోయ ఊళ్ళో మా తమ్ముడి పంపుంది," అంది ఆవిడ తోలు కోస్తూనే,
"అక్కడ ఇంకో మూర ఎక్కువే ఎక్కుతుంది.
అదే తోలు. కొలబద్ద నాదే."

అతను దీపం కింద కూలబడ్డాడు, తడి నేల మీదే.
పైకి చూశాడు. రాయి.
రాయి మీద కొండ. కొండ మీద...
నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

మర్నాడు ఆ కొయ్య కావాలన్నాడు, డబ్బిస్తానన్నాడు.
"పైకప్పు దాని మీదే ఉంది," అంది.
చివరికి గాట్లన్నీ కాగితం మీదికి దించుకున్నాడు.
తేదీలు ఆవిడ చెప్పింది:
ఇది మేక ఈనిన వారం,
ఇది పెద్ద వడగళ్ళు,
ఇది యోబ్స్ట్ పోయిన పొద్దు.
లాటిన్‌లో ఆ మేకని ఏమని రాశాడో.

కాగితం సంగతి తెలియదు.
సైన్యాలొచ్చాయి, గని మునిగింది,
నేను ముసలివాణ్ణయ్యాను.

ఇప్పుడు పట్నంలో గాజుగొట్టంలో పాదరసం నిలబెట్టి
గాలికి బరువుందని చూపిస్తున్నారు, మనిషికింతని వసూలు చేసి.
వెళ్ళాను. చప్పట్లు కొట్టారందరూ.
జనం పలచబడ్డాక దగ్గరికెళ్ళి
గోటితో గాజుని కింద నుంచి తట్టుకుంటూ వచ్చాను,
మాట ఎక్కడ మారుతుందోనని.

"చెయ్యి తియ్, తాతా," అన్నారెవరో.
తీశాను.
అప్పటికే వినిపించింది.