రాయని పలక

బోరు ఎండిందని బావి తవ్వుతున్నాడు మాలకొండయ్య
వేమవరం పొలిమేరలో.
ఇరవై మూడు అడుగుల కింద
నీళ్లు పడలేదు.
ఆకు పడింది.

పాలిపోయిన మట్టిపెళ్ల,
పలుగు తగిలి పుస్తకంలా విచ్చుకుంటే
ఇటు దువ్వెన పళ్లలాంటి ఆకు,
అటు దాని అచ్చు.
నాలుగో తరగతి ఖాజావలి
చొక్కా జేబులో వేసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు.
"ఇది ఏ చెట్టుది మేడం? మా ఊళ్లో లేదే?"

ఏ ఊళ్లోనూ లేదురా.
ఇది ఎండ కాగిన రోజుల్లో
పువ్వంటే ఈ నేలకు సరిగ్గా తెలీదు.
వేప లేదు, గడ్డిపరక లేదు,
మేయడానికి గొడ్డూ లేదు.
రెండో జేబులోంచి ఇంకోటి తీశాడు:
చిటికెనవేలి గోరంత చుట్టగవ్వ.
అంటే సముద్రం మన బడి మెట్లదాకా వచ్చేదన్నమాట.
ఇప్పుడు దాన్ని చూడాలంటే
ఒంగోల్లో బస్సు మారి కొత్తపట్నం పోవాలి.

మా నాన్న ఏసోబు
మార్కాపురం గనిలో ముప్ఫై ఏళ్లు పలకలు చీల్చాడు.
ఉలి మొన ఆనించి ఒక్క దెబ్బ,
పొర లేచి వచ్చేది తడి కాగితంలా.
ప్రతి పొరా తొంగి చూసేదాన్ని.
అలల గీతలు కనపడేవి అప్పుడప్పుడు,
అంతే.
"లోపల ఏముంటది నాన్నా?"
"ఏమీ ఉండదు. అందుకే పలకయింది."

తర్వాతెప్పుడో చదువుకున్నాను.
ఆ బురద పేరుకునేనాటికి
ఎముక లేదు, గవ్వ లేదు,
చూడ్డానికి కన్నే లేదు.
నీళ్లలో నాచు జిగట, దాని మీద ఎండ.
అచ్చు పడడానికి ఎవరూ పుట్టలేదు.

నాన్న చివరి ఏడాది
ఆసుపత్రి కిటికీకి ఎక్స్‌రే ఎత్తి పట్టుకున్నాడు డాక్టరు.
నల్లటి రేకు మీద తెల్లగా
కొమ్మలు, రెమ్మలు, ఈనెలు,
ఈనెల నిండా పలకపొడి.
ఆ రాతిలో నేను చూసిన ఒకే ఒక్క ఆకు అది.

ఖాజావలి బల్ల దగ్గరే నిలబడున్నాడు.
"పేరు చెప్పు మేడం, రాసుకుంటా."
పలక మీద ఉమ్మేసి, మోచేత్తో తుడిచి
బలపం పట్టుకుని కాచుకున్నాడు.
నాకు పేరు తెలీదు.

సాయంత్రం మాలకొండయ్య వచ్చాడు,
మోకాళ్లదాకా తెల్లమన్ను.
ఆకును అరచేతిలో పెట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూశాడు చాలాసేపు.
"ఇదంతా సరే గానీ పంతులమ్మా,
ఆ సముద్రం
ఇంకెన్ని అడుగులు కిందికి దిగిపోయిందో
ఇందులో ఏమన్నా రాసుందా?"