మూడు రాత్రుల సంకేతం

కరూ ఎడారిలో ఫోను మోగకూడదు.
పళ్ళేలన్నీ ఆకాశం కేసి చెవులు రిక్కించి ఉంటాయి.
దొంగ చప్పుళ్ళను పట్టుకోవడం నా ఉద్యోగం:
రవ్వలు రాల్చే కంచె, ఎవరో దాచుకున్న సెల్లు.

మొన్న మూడు రాత్రులు, సరిగ్గా రెండింటికి
టిక్... టిక్... ఆగి, మళ్ళీ టిక్.
ఎవరూ పైకి అనలేదు గానీ
కంట్రోల్ రూములో కాఫీలు చల్లారిపోయాయి.
లెబోహాంగ్ గోళ్ళు కొరుక్కుంది.

జీపుకి యాంటెన్నా కట్టుకుని బయల్దేరాను.
నలభై కిలోమీటర్లు, మంచు, నక్కల కళ్ళు,
చివరికో రేకుల కొట్టం.
లోపల ముసలి గ్రీట్యే స్లింగర్స్
తల్లి చచ్చిన గొర్రెపిల్లకి
పాత కరెంటు దుప్పటి కప్పి కునుకుతోంది.
థర్మోస్టాట్ చెడింది. అంతే.

స్విచ్చి ఆపాలి, రూలు.
కోటు విప్పి పిల్లకి చుట్టి
అప్పుడు ఆపాను.

"పైన ఎవరైనా ఉన్నారంటావా?" అంది,
పక్కింటి పొయ్యి రాజుకుందా అన్నట్టు.

ఉంటే, వాళ్ళు మనల్ని పిలుస్తారనుకోను.
ఎవరికో చలేస్తుంటే కప్పుతూ ఉంటారు,
ఆ చప్పుడే ఇటు కారుతుంది.
ఇది ఆమెకి చెప్పలేదు. తెలీదన్నాను.

రిపోర్టు: మూలం స్థానికం. లోపం సరిచేశాం.
ప్రాణానికి ఆ ఫారంలో గడి లేదు.
కోటు ఇంకా గొర్రె వాసన.