రెండు నిమిషాల వాన

టూసాన్‌లో జూన్. గాలి కాల్చిన అప్పడం.
కొబ్బరిపీచు ఇటుకని బకెట్లో నానేస్తే
పొంగి అంచు దాటింది.
పిడికిట్లో పిండి చూశాను:
ఒకటి రెండు చుక్కలు రాలాలి,
ధార కట్టిందా, బూజే.
జాలీగూట్లో పరిచి ఎండుటాకులు చల్లాను.

"గిన్నెలో నీళ్ళు పెట్టొచ్చుగా?" అంది లోహిత.
నిలిచిన నీళ్ళు దానికి నీళ్ళు కావమ్మా,
కదలాలి, మెరవాలి.

నాజిల్ రెండుసార్లు తుమ్మి
తుంపర పట్టింది.

ఊసరవెల్లి రంగేమీ మార్చలేదు.
ఒక కన్ను ఆకు కొసన చుక్క మీద,
ఇంకోటి నా మీద.
మొన్ననే మా బావమరిదిని
దీని పేరెట్టి తిట్టాను.

నోరు తెరిచి, తొందర లేకుండా,
చుక్క అందుకుంది.

టైమర్ టక్కుమంది.
కిటికీ అవతల ఆకాశం
మూణ్ణెల్లుగా ఒకటే రంగు.