గుంజ

కుక్క పేరు అననీ.
మా ఊళ్ళో కుక్కకి పేరు పెట్టడమంటే
పొరుగింటికి వినబడేలా ఒక మాట అనడం.
మా అత్త పెట్టింది.
ఎవరి మీద కోపమో చెప్పకుండానే పోయింది.

షారీ నది తగ్గి, ఒడ్డు పొడుగునా
మడుగులు మిగిలే నెలలో
అననీ ముందుకాలు నాకుతూ కూర్చుంది.
నాకినచోట పొక్కు.
పొక్కు చితికినచోట తెల్లగా
సేమ్యా పోగంత.

వంగి చూడక్కర్లేకపోయింది.
నా మడమకి తెలుసు.
తొమ్మిదేళ్ళప్పుడు అక్కడినుంచే
జొన్నపుల్లకి చుడుతూ, రోజుకి రెండు వేళ్ళంత,
పంతొమ్మిది రోజులు లాగింది మా అమ్మ.
మధ్యలో తెగితే కాలు పోతుందని
ఊపిరి కూడా మెల్లగా పీల్చేది.
ఆ ఏడు వేరుశెనగ పీకేవాళ్ళు లేరు,
సగం ఊరు కాళ్ళు చాపుకునే ఉంది.

ఇప్పుడు మా మనుషుల్లో నారికురుపు లేదంటారు.
వీధివాకిలి మూస్తే
పెరటివైపు వచ్చి కాపురం పెట్టింది.

ఎంబైటొలూమ్ మోటారుసైకిలు దిగి రిజిస్టరు తెరిచాడు.
యజమాని? దేనెమాజి.
జంతువు పేరు? అననీ.
"ఎవర్ని?" అన్నాడు రాసుకుంటూ.
కబురు చెప్పినందుకు డబ్బిచ్చాడు, గొలుసిచ్చాడు.
"నీళ్ళలో కాలు పెట్టనివ్వకు.
పెట్టిందా, పురుగు తన పిల్లల్ని వేలకి వేలు
అక్కడే కక్కేస్తుంది."
ఆ డబ్బుతో పంచదార కొన్నాను. దాచడమెందుకు.

మామిడి కింద గుంజ.
నాలుగోరోజుకే దాని చుట్టూ నేల గుండ్రంగా అరిగింది.
పడవ ఒడ్డు తాకకముందే
అక్కడుండే కుక్క ఇది.
చేపల పేగులు విసిరింది మనమే.
పచ్చి పేగుల్లో ఏముందో దానికేం తెలుసు,
మనకి మాత్రం ఏం తెలుసు.
ఇప్పుడు మోకాలిలోతు గొయ్యి తీసి పూడుస్తున్నాను.
గొలుసు చివరిదాకా వచ్చి
పారతోపాటు తల ఎత్తుతూ దించుతూ చూస్తుంది.

పదకొండో రాత్రి దాని ఏడుపు ఆగింది.
నిద్రలోనే సంతోషించాను.
తెల్లారి చూస్తే గుంజకి గొలుసుంది, అంతే.
నా కొడుకు మియాంబే, ఎనిమిదేళ్ళవాడు,
చాప మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు.
నిద్రపోయేవాళ్ళు అంత గట్టిగా మూసుకోరు.

అననీ మడుగులో ఉంది.
పొట్టదాకా నీళ్ళలో నిలబడి
మంట చల్లారుతుంటే కళ్ళు అరమోడ్చి.
ఆ సుఖం నాకు తెలుసు.
ఇదే మడుగులో, అమ్మ కునుకు తీసినప్పుడు,
పాక్కుంటూ వచ్చి కాలు ముంచాను ఒకసారి.
మరుసటేడు మా చెల్లెలికి మోకాలి కింద లేచింది.
నన్నెవరూ ఏమీ అనలేదు.
ఎవరికీ తెలియదు.

మడుగులో మందు కొలిచి పోశారు.
నెలరోజులు నీళ్ళకి అవతలి ఊరి బోరింగే.
బిందె ఎత్తిన ప్రతి ఆడదీ మా గుమ్మం ముందే
కాస్త ఎక్కువసేపు రొప్పింది.
అననీ! అని పిలిచాను కుక్కని,
వాళ్ళకి వినబడేలా.
మా అత్త ఎంత తెలివైందో అప్పుడు తెలిసింది.

వాణ్ని కొట్టలేదు. మడమ చూపించాను.
మచ్చమీద వేలు పెట్టి తడిమాడు.
"లోపల ఇంకా ఉందా?"
లేదన్నాను.
"మరి నీలోంచి వెళ్ళిందేనా, దాన్లోకి?"
పారకి అంటిన మట్టి గీకుతూ ఉండిపోయాను.

పురుగు తోకతో సహా వచ్చిన రోజు గొలుసు విప్పాను.
చాలాసేపు ఆ గుండ్రంలోనే తిరిగింది అననీ.

ఇక ఏడాది లెక్క.
వానలు పడి, నది పొంగి, తగ్గి,
మళ్ళీ మడుగులు మిగిలేదాకా
రాత్రిపూట వాడి కాళ్ళు కడిగి
దీపం దగ్గరికి లాక్కుని
వేళ్ళ సందులనుంచి మోకాలిదాకా తడుముతాను.
గిలిగింతలని మెలికలు తిరిగి నవ్వుతాడు.
కుక్క కూడా వచ్చి
తన కాలు ముందుకు చాపుతుంది.