ఖాళీ చోట్ల జాబితా

కోరమంగల సందులో నీళ్ల ట్యాంకర్
రివర్సు పాట మూడోసారి పాడింది.
తెర మీద ఇంకా నలభై లక్షల చుక్కలు,
ఫైబర్లకు అందేవి ఎనిమిది లక్షలు.
పొద్దున పదికల్లా జాబితా పంపాలి.

మొదటి వరుస నేనే రాశాను:
పద్నాలుగో తరగతిని మించి మెరిసేవి తీసేయ్.
మరీ వెలిగితే పరికరానికి కళ్లు బైర్లు కమ్ముతాయి.
ఎంటర్ కొట్టాను.
అశ్విని పోయింది. భరణి పోయింది.
పంచాంగంలో ఇరవై ఏడూ
ఒక్క వరుసకే పోయాయి.
పేరు పెట్టి పిలవగలిగింది ఒక్కటీ మిగల్లేదు.

నాది మూల.
మామగారికి గండమని
రెండు సంబంధాలు కాఫీ చల్లారకముందే లేచిపోయాయి.
మూడోవాళ్లు జాతకం అడగలేదు, జీతం అడిగారు.
ఇవాళ ఆ మూలను నేనే తీసేశాను
కారణం గడిలో 'మరీ ప్రకాశం' అని రాసి.
ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి
గట్టిగానే నవ్వాను.

బియ్యం ఏరడం నాకొచ్చు.
చాటలో రాయి రాయిలా కనిపిస్తుంది, వేలికి తగులుతుంది.
ఇక్కడ పారేసేదీ బియ్యమే.
ఎరుపు కాస్త ఎక్కువైందని ఒకటి,
దూరం లెక్క తేలలేదని ఒకటి,
ఆ పక్కదాన్ని ఆనుకుని ఉందని ఇంకొకటి.

ఆనుకుని ఉన్నవే కష్టం.
సిల్క్ బోర్డు బస్సులో మోచేతుల్లా
రెండు ఫైబర్లు అంత దగ్గర ఇమడవు.
రెండూ ఒకే వెలుగు, ఒకే రంగు.
ఏదో ఒకటే.
అప్పుడు యంత్రం బొమ్మా బొరుసూ వేస్తుంది,
ముందుగా ఒక అంకె అడుగుతుంది.
ప్రద్యుమ్న తన బైకు నంబరు ఇస్తాడు.
నేను మా పిన్‌కోడ్ ఇచ్చాను, ఐదు ఆరు సున్నా సున్నా మూడు నాలుగు.
ఊరికే, చూద్దామని, చివరి నాలుగును ఐదు చేశాను.
పదకొండు వేల నక్షత్రాల రాత మారిపోయింది.
మళ్లీ నాలుగు చేశాను.
చేతులు కడుక్కోవాలనిపించింది.

రెండింటికి మునిరాజప్ప ఫ్లాస్కు పట్టుకొచ్చాడు.
కోలారు మనిషి, ఇంట్లో తెలుగే.
"మా పాపది స్వాతి మేడమ్, దాన్ని కూడా చూస్తారా?"
అది బాగా వెలుగుతుంది, దాన్ని ఎవరూ చూపించక్కర్లేదు అన్నాను.
సంతోషించాడు.
అబద్ధం కాదు. నిజమూ పూర్తిగా కాదు.

చివరి పని, ఖాళీ చోట్లు ఎంచడం.
పలకకు ఎనభై, ఏ చుక్కా లేని చోటు.
అక్కడి చీకటిలోనూ సన్నటి వెలుగుంటుంది,
దాన్ని కొలిచి అన్నింటిలోంచీ తీసేస్తేనే
నక్షత్రం మాట నక్షత్రానిది.
"ఏమీ లేని చోట ఏం చూస్తారు?" అన్నాడతను.
చెప్పబోయి ఆగాను.
కిటికీ బయట బెంగళూరు ఆకాశం
పలచటి సాంబారు రంగులో ఉంది,
ఒక్క చుక్కా లేదు.
అతను అటే చూస్తూ
నా కప్పు నిండిపోయేదాకా టీ పోశాడు.