వెన్ను ఎటు ఉందో

ముప్పయ్యొక్కేళ్ళు సరస్సు కింద ఉప్పు తవ్వాను.
పైన హ్యూరన్ నీళ్ళు, నీళ్ళలో చేపలు,
వాటికి ఎంతో కింద నుదుటి దీపంతో నేను.
అప్పట్లో వాటి ధ్యాసే లేదు.
ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి,
గరాజులో బల్ల వేసుకుని గాలపు కర్రలు కడతాను.

వినిఫ్రెడ్ టాకబెరీ అక్టోబరులో వచ్చింది.
"మెయిట్‌లాండ్ ఏటిలో స్టీల్‌హెడ్ కోసం," అంది,
"బెండు వేసి పట్టే కర్ర. పొడుగ్గా ఉండాలి, బరువు వద్దు."
అందరూ అడిగేది ఇదే:
చూరు దాటే పొడుగు, పిచ్చుకంత బరువు.
తర్వాత చేతితొడుగు తీసింది.
కుడిచేతికి చిటికెనవేలు లేదు, ఉంగరపు వేలు సగమే.
"దాణా మిల్లు. పదకొండేళ్ళప్పుడు," అంది,
రేపు వాన పడొచ్చు అన్నట్టు.
ఇక్కడ చాలామంది చిటికెనవేలితోనే
తిరిగే చక్రాన్ని నిలేస్తారు.
నేనేమీ అనలేదు.

మూడు కార్బన్ గొట్టాలు బల్ల మీద పెట్టాను.
పదమూడడుగులది చురుకు, కానీ తొందరెక్కువ,
సన్నదారాన్ని పుటుక్కున తెంపేస్తుంది.
పదిహేనుది దారాన్ని నీళ్ళ మీద వాలనివ్వదు,
సాయంత్రానికి భుజం మాత్రం మిగలనివ్వదు.
పద్నాలుగుది ఎత్తి ఊపింది.
కొస వణికి, వెంటనే సర్దుకుంది.
"ఇది వింటోంది," అంది.
ఆ మాటకి ఇరవై డాలర్లు తగ్గించాను.
ఇంట్లో చీవాట్లు తిన్నాను.

ప్రతి గొట్టానికీ ఓ వెన్ను ఉంటుంది, కంటికి ఆనదు.
కొస బల్లకి ఆనించి, కాస్త వంచి, అరచేతి కింద దొర్లిస్తే
ఒకచోట ఠక్కున తిరిగి మొండికేస్తుంది.
అక్కడ పసుపు పెన్సిలు గీత.
ఆ గీత వెంటే పదమూడు ఉంగరాలు,
కొసకు పోయేకొద్దీ చిన్నవి, దగ్గర దగ్గరగా.
గీత తప్పిందా, చేప లాగినప్పుడు కర్ర మెలి తిరుగుతుంది,
అబద్ధమాడేవాడు కుర్చీలో కదిలినట్టు.

కార్కు పిడిని మూడుసార్లు పట్టి చూపించాను,
మూడుసార్లు అరగదీశాను.
లేని వేలు ఆనే చోట కొంచెం ఉబ్బు ఉంచాను.
చక్రాన్ని పట్టే ఇత్తడి కడియాలు రెండూ
బొటనవేలికి అందేలా జరిపాను.
ముదురాకుపచ్చ దారం కావాలంది. నాకు నచ్చలేదు. చుట్టాను.

చుట్ల మీద జిగురు పూసిన రాత్రి
సరస్సు మీంచి గాలి లేచింది.
పదింటికి కరెంటు పోయింది,
కర్రను తిప్పే మోటారు ఆగిపోయింది.
పచ్చి జిగురుకి ఓపిక ఉండదు,
కర్ర ఆగితే చాలు, కిందికి జారి బొట్టు కడుతుంది.
పాత గని దీపం నుదుటికి బిగించుకున్నాను.
పావు చుట్టు. లెక్క. మళ్ళీ పావు చుట్టు.
పైన ఇంకా సరస్సు ఉన్నట్టే ఉంది.
ఒంటిగంటప్పుడు కునుకు పట్టింది, ఎంతసేపో తెలీదు.
లేచి చూస్తే
నాలుగో ఉంగరం దగ్గర గోధుమగింజంత బొట్టు.

విప్పి మళ్ళీ చుడతానన్నాను.
గోటితో తడిమి, "చేప దీన్ని చూడదులే," అంది.

మార్చిలో నన్నూ ఏటికి రమ్మంది.
ఒడ్డున ఇంకా మంచు పలకలు,
నీళ్ళు నిన్నటి టీ రంగులో.
గులాబీ వలగుడ్డలో గుడ్ల మూట, దానిపైన ఎర్రకొస బెండు.
ఏరు ఎలా నడిస్తే బెండు అలా నడిచింది.
చక్రానికి పళ్ళు లేవు, బ్రేకు లేదు,
ఉన్నదల్లా ఆమె బొటనవేలు.
మూడు గంటలు ఏమీ లేదు.
నేను నాలుగో ఉంగరాన్నే చూస్తున్నాను,
అందుకే బెండు మునగడం చూడలేకపోయాను.

కర్ర పిడి దాకా వంగింది.
మెలి తిరగలేదు.
వెండి ఒళ్ళు రెండుసార్లు గాలిలోకి లేచింది,
ఆ తర్వాత వంతెన కింది రాళ్ళలోకి ఒకే దౌడు.
గాలం ఊడింది.
కొస వణికి, సర్దుకుంది.

"పై కడియం వదులైంది, లాక్లన్," అంది,
కొత్త ముడి పళ్ళతో బిగిస్తూ.
నేను జేబులో టేపు వెతుక్కున్నాను.